మూపురమున్నవన్నీ ఒంగోలు ఎడ్లేనా?

పశువుల సంతలో ఒక దళారి ఇట్లు వాదించెననుకొందము: "ఒంగోలు జాతి పశువులన్నీ మూపురము గలవి. ఈ సంతలో మూపురము గల పశువులు కొన్ని ఉన్నవి. కనుక ఈ సంతలో ఒంగోలు పశువులు కొన్ని ఉన్నవి." మొదటి రెండు మాటలు నిజమే. మూడవదానిని నమ్మి రైతు రొక్కము చెల్లించవచ్చునా?

రెండు ఆధారవాక్యముల నుండి మూడవదానిని తేల్చు ఇట్టి వాదమును సిలాజిజం అందురు. దీనిని పరీక్షించుటకు ఆంగ్ల తర్కవేత్త జాన్ వెన్ (1834–1923) 1880లో ఒక చిత్రపద్ధతిని ప్రకటించెను.

ఒకదానిపై నొకటి పడునట్లు మూడు వృత్తములు గీయవలెను: ఒంగోలువి, మూపురము గలవి, సంతలోనివి. వెలుపలి చోటుతో కలిపి 8 గదులు ఏర్పడును. ఏమీ లేదని తెలిసిన గదిని గీతలతో నింపవలెను. ఒక్కటైనా ఉన్నదని తెలిసిన గదిలో చుక్క పెట్టవలెను. ఏమీ తెలియని గదిని ముట్టరాదు. "అన్నీ" అను వాక్యమును ముందు, "కొన్ని" అను వాక్యమును తరువాత గుర్తించవలెను.

దళారి వాదమును చూడుడు. మొదటి వాక్యము వలన, ఒంగోలు వృత్తములో మూపురపు వృత్తమునకు వెలుపలనున్న భాగము గీతలతో నిండును. ఇక మూపురము, సంత కలిసిన చోట చుక్క పెట్టవలెను. కాని ఆ చోటును ఒంగోలు వృత్తపు గీత రెండుగా చీల్చుచున్నది. చుక్క ఏ వైపునకు చెందునో ఆధారవాక్యములు చెప్పలేదు, గీతపైననే ఉంచవలెను. ఆ పశువులన్నీ మైసూరు జాతివి కావచ్చును. వాదము నిలువదు.

రెండవ వాక్యమును "ఈ సంతలో కొన్ని ఒంగోలు పశువులు" అని మార్చినచో, సంత, ఒంగోలు కలిసిన చోట ఒక గది ముందే గీతలతో నిండియున్నది. చుక్క మిగిలిన గదిలోనే, అనగా మూపురపు వృత్తములోనే పడును. కనుక "సంతలో కొన్ని మూపురము గలవి" అనుట తప్పక సిద్ధించును.

ఈ మెలకువ మనకు కొత్తది కాదు. పొగ ఉన్నచోటనెల్ల నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్ల పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండే ఇందుకు దృష్టాంతమని 17వ శతాబ్దపు ఆంధ్రపండితుడు అన్నంభట్టు "తర్కసంగ్రహము" సూచించుచున్నది.

పరీక్షలో "మిరపకాయలన్నీ తెల్లనివి" అని ఇచ్చినను విద్యార్థి దానిని నిజమనియే గ్రహించి చిత్రము గీయవలెను. అచట అడుగునది మిరపకాయ రంగు కాదు. ఇచ్చిన మాటల నుండి ఏది తప్పక వచ్చును అన్నదే. సంతలో మాత్రము రైతు ఆ రెండు మాటలు నిజమా అనియు విచారింపవలెను. చుక్క గీతపై నిలిచినంతవరకు రొక్కము మూటలోనే ఉండుట మేలు.