మూడు తాళాల పెట్టె

1772లో కెప్టెన్ జేమ్స్ కుక్ రెండోసారి ప్రపంచయాత్రకు బయల్దేరినప్పుడు 'రిజల్యూషన్' ఓడలో ఒక పెట్టె ఉంది. దానికి మూడు తాళాలు. ఒక తాళంచెవి కుక్ దగ్గర, రెండోది మొదటి లెఫ్టినెంటు దగ్గర, మూడోది ఖగోళ శాస్త్రవేత్త విలియం వేల్స్ దగ్గర. ముగ్గురూ కలిస్తే తప్ప మూత లేవదు. లోపల ఉన్నది ఒక గడియారం. జాన్ హారిసన్ చేసిన నాలుగో గడియారాన్ని చూసి లార్కమ్ కెండల్ అనే లండన్ పనివాడు 1769లో పూర్తిచేసిన నకలు అది. దానికి కీ ఇవ్వాల్సిన వేళకు ముగ్గురూ హాజరు కావాలి. ఖరీదైన గడియారపు పెట్టె కథంతా ఈ ఒక్క పెట్టెలోనే ఇమిడి ఉందని నాకనిపిస్తుంది. అది రెండు పనులు చేసింది. లోపలి యంత్రాన్ని కాపాడింది; ఆ యంత్రాన్ని ఎవరూ దొంగచాటుగా తాకలేదని, ముల్లు జరపలేదని సాక్ష్యం చెప్పింది. ఆ తర్వాతి రెండున్నర శతాబ్దాల్లో కాపాడే పని కొంచెం కొంచెంగా పెట్టె చేతిలోంచి జారిపోయింది. సాక్ష్యం చెప్పే పని మాత్రం మిగిలింది, పెరిగింది కూడా. ఇవాళ లక్షల రూపాయల వాచీతోపాటు వచ్చే ఇటుకంత బరువు పెట్టె ఎందుకంత బరువుందో అర్థం కావాలంటే అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

ముందు కాపాడే పని సంగతి. నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో తెలియాలంటే బయల్దేరిన ఊళ్లో అప్పుడు టైమెంతో తప్పు లేకుండా తెలియాలి. భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. కాబట్టి భూమధ్యరేఖ దగ్గర నాలుగు సెకన్ల తేడా అంటే సుమారు 1.85 కిలోమీటర్ల తేడా. గడియారం రోజుకు నాలుగు సెకన్లు తప్పితే, నెల తిరిగేసరికి ఓడ తానున్నాననుకున్న చోటికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంటుంది. రాళ్లకు కొట్టుకుని పగలడానికి అది చాలు. అయితే గడియారం తప్పడానికి ఓడలో కారణాలకు కొదవ లేదు. గడియారం నడకను నిర్ణయించే బ్యాలెన్స్ చక్రం ఇరుసు నిటారుగా నిలబడితే కొన మీద మాత్రమే తిరుగుతుంది, రాపిడి తక్కువ. గడియారం పక్కకు ఒరిగితే అదే ఇరుసు పక్కలు ఒరుసుకుంటాయి, నడక మారుతుంది. అందుకే ఓడ గడియారాల పెట్టెలో రెండు ఇత్తడి వలయాలు బిగించారు. ఒకదాని ఇరుసు అటు, రెండోదాని ఇరుసు దానికి అడ్డంగా. గింబల్స్ అనే ఈ అమరిక వల్ల ఓడ ఎటు ఒరిగినా గడియారం ముఖం ఆకాశం వైపే ఉంటుంది. చెక్క వేడిని త్వరగా పోనివ్వదు. ఉష్ణోగ్రత మారితే ఆ చక్రాన్ని ఊపే హెయిర్ స్ప్రింగ్ బిగువు మారుతుంది కనుక అదీ అవసరమే. చెక్క మూత కింద మళ్లీ ఒక గాజు మూత, ఉప్పుగాలి తగలనివ్వకుండా టైము చూసుకోవడానికి. 1831లో బయల్దేరిన 'బీగిల్' ఓడలో ఇలాంటివి 22 ఉన్నాయి; ఓడ అదురు సోకకుండా వాటి పెట్టెలను రంపపుపొట్టులో కుదురుగా కూర్చోబెట్టారు. చార్లెస్ డార్విన్ ప్రయాణించిన ఓడగానే మనకు దాని పేరు తెలుసుగాని, ఆ గడియారాలు కూడా ఆ యాత్రలో ఆయనంత శ్రద్ధగా పనిచేశాయి. ఆ రోజుల్లో పెట్టె గడియారంలో ఒక భాగం. పెట్టె తీసేస్తే గడియారం సగమే.

నేల మీద కూడా పరిస్థితి మరీ వేరుగా లేదు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండు జేబు గడియారాలకు రెండు తొడుగులుండేవి. లోపలిది యంత్రానికి అంటిపెట్టుకున్నది, బయటిది ఊడదీసేది. రెండింటి మధ్యా గుండ్రటి కాగితపు బిళ్ల పెట్టేవారు. వదులుగా ఉన్న తొడుగు కదలకుండా అది మెత్తలా పనికొచ్చేది. దాని మీద గడియారం చేసినవాడి పేరూ వీధీ ఉండేవి, కొన్నిటి వెనక రిపేరు చేసిన తేదీలూ ఉండేవి. కాపాడటం, సాక్ష్యం చెప్పడం రెండూ వేలెడంత కాగితంలోకి ఎక్కాయన్నమాట. పారిస్‌లో అబ్రహాం లూయీ బ్రెగే తన గడియారాలను ఎర్రటి మొరాకో తోలు పెట్టెల్లో ఇచ్చేవాడు. కొన్నిటిలో కీ ఇచ్చే చెవికీ, అదనపు అద్దానికీ విడిగా అరలుండేవి. ఆ దుకాణం ఏ గడియారం ఎవరికి అమ్మిందో చిట్టాల్లో రాసుకుంది. ఆ చిట్టాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని చూసే నేటికీ ధ్రువపత్రాలు ఇస్తున్నారు. అంటే సాక్ష్యం అప్పటికే సగం పెట్టెలో, సగం పుస్తకంలో ఉంది.

తర్వాత గడియారం మణికట్టుకు ఎక్కింది, తన రక్షణ తానే చూసుకోవడం నేర్చుకుంది. 1926లో రోలెక్స్ 'ఆయిస్టర్' వచ్చింది. వెనక మూత, అంచు, కీ తిప్పే తల అన్నీ మరల్లా బిగుసుకునే వాచీ అది. మరుసటేడు మెర్సిడెస్ గ్లైట్సె అనే ఈతగత్తె దాన్ని వెంట ఉంచుకుని ఇంగ్లిష్ ఛానెల్ నీళ్లలో గంటల తరబడి ఈదింది. దుకాణాల అద్దాల వెనక ఆ వాచీని చేపల తొట్టిలో వేలాడదీసి చూపించారు. 1931లో వచ్చిన 'రివర్సో' మన దేశంలోని బ్రిటిష్ అధికారుల పోలో ఆట కోసం పుట్టింది. బంతి తగిలి అద్దం పగలకుండా వాచీ ముఖాన్నే వెనక్కి తిప్పేయొచ్చు, అంటే పెట్టె మూత వాచీలోకే వచ్చి చేరింది. 1930ల్లోనే 'ఇంకాబ్లాక్' అనే ఏర్పాటుతో బ్యాలెన్స్ ఇరుసు చివరల రత్నాలు చిన్న స్ప్రింగు మీద కూర్చున్నాయి. వాచీ కిందపడినా దెబ్బ ఆ స్ప్రింగే తీసుకుంటుంది. నీరు, దుమ్ము, దెబ్బ, వీటన్నిటికీ వాచీలోనే మందు దొరికింది. లెక్క ప్రకారం పెట్టె అప్పుడే అగ్గిపెట్టెంత అయిపోవాలి.

అలా జరగలేదు. 1969 డిసెంబరు 25న సీకో 'ఆస్ట్రాన్' అనే, బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ చేతివాచీని టోక్యోలో అమ్మకానికి పెట్టింది. పదిహేనేళ్లు తిరిగేసరికి స్విట్జర్లాండులో గడియారాల పనివాళ్లు సుమారు 90 వేల నుంచి 30 వేల దాకా పడిపోయారు. కచ్చితమైన టైము చవగ్గా దొరికిపోయింది. చక్రాలు తిరిగే వాచీ టైము కోసం కొనాల్సిన వస్తువు కాకుండా పోయింది. 1983లో స్వాచ్ ప్లాస్టిక్ వాచీలు సన్నటి పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చాయి. చెప్పాల్సిన సాక్ష్యమేమీ లేదు కనుక ఆ డబ్బా దాచాల్సిందీ లేదు. అటు వైపు, 1976లో పాటెక్ ఫిలిప్ ఉక్కుతో 'నాటిలస్' చేసి, బంగారానికి మించిన ధర పెట్టి, ఓక్ చెట్టు బెరడుతో చేసిన కార్కు పెట్టెలో ఇచ్చింది. 120 మీటర్ల లోతు నీటిని తట్టుకునే వాచీకి నీళ్లలో తేలే పెట్టె అవసరం లేదు. కానీ ఉక్కుకు అంత ధర ఎందుకని కొన్నవాడి మనసు అడగకముందే జవాబు చెప్పాల్సిన భారం ఆ పెట్టె మీద పడింది. ఇప్పుడు ఆ ఖాళీ కార్కు పెట్టెకే సేకర్తలు వేల డాలర్లు పోస్తున్నారు.

ఇదంతా ఉత్త ప్రకటన, కొనేవాడి కళ్లు మిరుమిట్లు గొలిపే ఎత్తు అని కొందరంటారు. ఆ మాటలో నిజముంది. లక్క పూసిన చెక్క, మొకమల్, దిండు, పెట్టె చుట్టూ ఇంకో పెట్టె, ఇవి దుకాణంలో ఆ అయిదు నిమిషాల కోసమే. అయితే ప్రకటన అమ్మకంతో అయిపోవాలి. కొన్న మర్నాడు పెట్టె చెత్తబుట్టలో ఉండాలి. పాత వాచీల బజారులో జరుగుతున్నది దానికి పూర్తిగా విరుద్ధం. అక్కడ 'ఫుల్ సెట్' అని ఒక మాట ఉంది. వాచీ, పెట్టె, గ్యారంటీ కాగితం, చివరికి ధర చీటీ కూడా ఉంటే ఒక రేటు, వట్టి వాచీకి మరో రేటు. పెట్టె ఉన్నంత మాత్రాన వాచీ సెకను కూడా ఎక్కువ కచ్చితంగా నడవదు. కొనేవాడు డబ్బిచ్చేది ఒక అనుమానం తీరినందుకు: ఇది దొంగిలించింది కాదు, నాలుగు వాచీల ముక్కలు కలిపి అతికించింది కాదు, మొదటి యజమాని దీన్ని జాగ్రత్తగా చూసుకున్నాడు. కుక్ ఓడలోని మూడు తాళాలు చెప్పిన మాటే ఇది.

పెట్టె లేకుండానే గొప్ప ధర పలికిన వాచీలు లేవా అంటే ఉన్నాయి. 2017లో న్యూయార్క్‌లో నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని విలువ వెనక మూత మీద భార్య జోఆన్ వుడ్‌వర్డ్ చెక్కించిన మూడు మాటల్లో ఉంది. ఈ ఉదాహరణ నా వాదనను బలపరుస్తుందనే అనుకుంటాను. సాక్ష్యం వాచీ ఒంటి మీదే ఉంటే పెట్టె అక్కర్లేదు. అందరి వాచీల మీదా అలాంటి మాటలుండవు.

వాచీని భద్రంగా దాచడానికి పెట్టె ఇప్పటికీ మంచిదేగా అన్నది గట్టి ప్రశ్న. దీనికి రసాయన శాస్త్రం చెప్పే జవాబు నచ్చకపోవచ్చుగాని వినాలి. ఓక్ వంటి చెక్కలు ఏళ్ల తరబడి ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి వదులుతాయి. గాలాడని పెట్టెలో అది పేరుకుంటుంది. కొన్ని రకాల ఉన్ని గుడ్డల్లోంచి వచ్చే గంధకపు వాయువులు వెండిని నల్లబరుస్తాయి. బ్రిటిష్ మ్యూజియంలో ఆండ్రూ ఆడీ 1973లో ఇందుకే ఒక పరీక్ష రూపొందించాడు. ప్రదర్శన పెట్టెకు వాడబోయే పదార్థాన్ని వెండి, రాగి, సీసం ముక్కలతో, కాస్త నీటితో కలిపి మూసి 60 డిగ్రీల వేడిలో 28 రోజులుంచుతారు. లోహం మచ్చపడితే ఆ పదార్థం మ్యూజియం గడప తొక్కదు. వాచీ పెట్టెల లోపల మెత్తగా పెట్టే పాలీయురెథేన్ నురగ తేమకు విడిపోయి జిగురై, పొడై రాలుతుంది. పైన అంటించిన రెక్సిన్ పొరలు పొరలుగా లేస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో అల్మరాలో మూసిపెట్టిన తోలు పట్టీకి బూజు పట్టడానికి ఒక్క వానాకాలం చాలు. రబ్బరు వాషర్లతో బిగించిన కొత్త వాచీకి లోపల పెద్ద నష్టం లేకపోవచ్చు. పాతవాటికి, పట్టీలకు, కాగితాలకు ఉంది. కాపాడటానికి పుట్టిన వస్తువు కొన్నిచోట్ల కాపాడాల్సినదాన్నే తింటోంది.

సాక్ష్యం విషయంలోనూ బలహీనత బయటపడింది. కుక్ పెట్టె నమ్మదగినదైంది మూడు చెవులు మూడు చేతుల్లో ఉన్నందుకు. ఖాళీ పెట్టెకు విడిగా ధర పలికిన రోజే దాన్ని ఏ వాచీ పక్కనైనా పెట్టే వీలు వచ్చింది. నకిలీ వాచీలు చేసేవాళ్లు నకిలీ పెట్టెలూ చేస్తున్నారు. 2020లో బ్రెయిట్‌లింగ్ కంపెనీ ఒకే ఏడాది రెండు పనులు చేసింది. వాడిపడేసిన ప్లాస్టిక్ సీసాల పదార్థంతో చేసిన, మడతపెడితే పలచగా అయ్యే పెట్టెను తెచ్చింది. వాచీలకు బ్లాక్‌చెయిన్ (మార్చడానికి వీల్లేని డిజిటల్ చిట్టా) ఆధారంగా డిజిటల్ పాస్‌పోర్టు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. సాక్ష్యం పెట్టె దాటి చిట్టాలోకి వెళ్లిపోతే, పెట్టె మడిచేయగలిగేంత తేలికవుతుంది. బ్రెగే దుకాణం చిట్టాలు కొత్త రూపంలో తిరిగొచ్చాయి.

చిట్టాలోకి ఎక్కించలేనిది మాత్రం ఒకటుంది. 1985లో ఐడబ్ల్యూసీ కంపెనీ కోసం కుర్ట్ క్లౌస్ రూపొందించిన 'డా విన్చి' వాచీలో నెలల, లీపు సంవత్సరాల లెక్కతోపాటు సంవత్సరం నాలుగంకెల్లోనూ కనబడుతుంది. శతాబ్దపు అంకెలు ఒక చిన్న పట్టీ మీద ఉంటాయి. ఆ పట్టీ 2199తో అయిపోతుంది. అందుకని కొన్నవాళ్లకు వాచీతోపాటు ఒక సన్నటి గాజు గొట్టంలో తర్వాతి పట్టీని పెట్టి ఇచ్చారు. కొన్నవాడు గానీ, అతని మనవడు గానీ దాన్ని వాడరు. 2200 జనవరిలో ఎవరో ఒకరు పెట్టె తెరిచి ఆ గొట్టం కోసం వెతకాలి.