మారనిది ఏది?
నిష్పత్తి, అనుపాతం లెక్కలకు ఒక తాళంచెవి

ఈ మూడు ప్రశ్నలను ఒకసారి చదవండి.

(1) 6 నోటు పుస్తకాల వెల 150 రూపాయలు. 10 పుస్తకాల వెల ఎంత?

(2) ఒక చేనులో కలుపు తీయడానికి 6 గురు కూలీలకు 10 రోజులు పడుతుంది. 15 మంది కూలీలు అదే పనిని ఎన్ని రోజులలో పూర్తిచేస్తారు?

(3) దండెం మీద వేసిన 6 చొక్కాలు ఎండకు 3 గంటలలో ఆరాయి. 12 చొక్కాలు ఒకేసారి ఆరవేస్తే ఎన్ని గంటలలో ఆరుతాయి?

మూడింటిలోనూ మూడేసి సంఖ్యలు ఇచ్చి నాలుగోది అడిగారు. పైపైన చూస్తే మూడూ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి. కాని మూడింటికీ ఒకటే సూత్రం వాడితే ఒకటి మాత్రమే సరిపోతుంది. మొదటి దానికి జవాబు 250 రూపాయలు. రెండో దానికి 4 రోజులు. మూడో దానికి 3 గంటలే! దండెం మీద చోటు ఉన్నంతవరకు, పక్క చొక్కా ఉన్నంత మాత్రాన ఈ చొక్కా ఆలస్యంగా ఆరదు కదా.

నిష్పత్తి, అనుపాతం లెక్కలలో విద్యార్థులు మార్కులు పోగొట్టుకొనేది గుణకారం, భాగహారం రాక కాదు. ఏ సంఖ్యను దేనితో గుణించాలో నిర్ణయించుకోకముందే గుణించడం మొదలుపెట్టడం వల్ల.

నిమిషానికి ఒక ప్రశ్న

ఎనిమిదో తరగతిలో వ్రాసే జాతీయ ఉపకారవేతన పరీక్షను (ఎన్.ఎం.ఎం.ఎస్.) తీసుకోండి. మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు. ఒక్కొక్క పత్రానికి ఇచ్చే కాలం 90 నిమిషాలు. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. ఇందులో ఎంపికై, తరువాత కూడా తగిన మార్కులతో చదువు సాగించే విద్యార్థికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు ఏడాదికి 12,000 రూపాయల చొప్పున, నాలుగేళ్ళకు మొత్తం 48,000 రూపాయలు అందుతాయి. పుస్తకాలకు, బస్సు పాసుకు వెతుక్కునే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. పదో తరగతి తరువాత వ్రాసే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షలోనూ పరిస్థితి ఇంచుమించు ఇదే: ప్రశ్నలు ఎక్కువ, కాలం తక్కువ.

ఇటువంటి పరీక్షలలో ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులు ఇస్తారు. తప్పు దారిలో వెళ్ళినవాడికి దొరికే జవాబు కూడా సాధారణంగా ఆ నాలుగింటిలో ఉంటుంది. కూలీల లెక్కలో 6 గురికి 10 ఐతే 15 మందికి ఎంత అని అడ్డగుణకారం చేస్తే 25 వస్తుంది. కింద 25 కనబడగానే "నా జవాబు సరైనదే" అని సంతోషంగా గుర్తుపెట్టేస్తారు. ఎక్కువమంది పనిచేస్తే ఎక్కువ రోజులు పడుతుందా అని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు, ఆ తప్పు జరగదు.

పాతవారి త్రైరాశికం

ఈ లెక్కలు మనకు కొత్తవి కావు. క్రీ.శ. 499లో ఆర్యభటుడు తన ఆర్యభటీయంలో త్రైరాశికం చెప్పాడు. మన నోటు పుస్తకాల లెక్కలో 6 ప్రమాణరాశి, 150 ఫలరాశి, 10 ఇచ్ఛారాశి. ఫలరాశిని ఇచ్ఛారాశితో గుణించి ప్రమాణరాశితో భాగిస్తే కావలసిన జవాబు వస్తుంది: 150 × 10 ÷ 6 = 250. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో వ్రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. లెక్కల పుస్తకాన్ని పద్యాలలో చదువుకున్న కాలం అది!

1150లో లీలావతిని వ్రాసిన భాస్కరాచార్యుడు త్రైరాశికంతో ఆగలేదు. ఇచ్ఛ పెరిగినప్పుడు ఫలం తగ్గే సందర్భాలు ఉంటాయనీ, అక్కడ వ్యస్త త్రైరాశికం, అంటే తలకిందులు చేసిన త్రైరాశికం వాడాలనీ హెచ్చరించాడు. బంగారం తూకానికీ దాని మేలిమికీ ఉండే సంబంధాన్ని అందుకు ఉదాహరణగా చూపాడు. 22 క్యారెట్ల బంగారం 12 గ్రాములలో ఎంత అసలు బంగారం ఉంటుందో, 24 క్యారెట్ల బంగారం 11 గ్రాములలోనూ అంతే ఉంటుంది. మేలిమి పెరిగితే తూకం తగ్గుతుంది. 22 × 12 = 264, 24 × 11 = 264.

ఈ 264ను గమనించండి. తూకం మారింది, మేలిమి మారింది, వాటి లబ్ధం మాత్రం మారలేదు. మన తాళంచెవి ఇదే. ఏ లెక్క చదివినా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న: "ఇందులో మారనిది ఏది?" పరీక్షలలో ఎదురయ్యే లెక్కలలో చాలా భాగం ఈ ప్రశ్నకు లొంగిపోతాయి. ఒక్కొక్క రకాన్నీ చూద్దాం.

1. భాగఫలం మారదు

పుస్తకాలు పెరిగితే వెల పెరుగుతుంది, కాని ఒక పుస్తకం వెల మారదు. 150 ÷ 6 = 25, 250 ÷ 10 = 25. ఇది అనులోమానుపాతం. ఒకే వేగంతో పోయే బస్సుకు దూరం, కాలం. ఒకే రకం తీగకు పొడవు, బరువు. ఒకే వేళలో కర్రలకు ఎత్తు, నీడ: ఇవన్నీ ఈ రకానివే.

2. లబ్ధం మారదు

కూలీల లెక్కలో మారనిది మొత్తం పని. ఒక మనిషి ఒక రోజు చేసే పనిని ఒక "పనిదినం" అనుకుందాం. చేనుకు కావలసినవి 6 × 10 = 60 పనిదినాలు. 15 మంది వచ్చినా అవి 60యే. కాబట్టి 60 ÷ 15 = 4 రోజులు. ఇది విలోమానుపాతం.

మీ సైకిలును గమనించండి. పెడలు దగ్గర ఉండే పెద్ద పళ్ళ చక్రానికి 48 పళ్ళు, వెనుక చిన్న చక్రానికి 16 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెడలును ఒక చుట్టు తొక్కితే గొలుసు 48 పళ్ళ మేర కదులుతుంది. వెనుక కూడా 48 పళ్ళ మేర కదలాలి కాబట్టి చిన్న చక్రం 3 చుట్లు తిరుగుతుంది: 48 × 1 = 16 × 3. అలాగే ఊగే బల్ల మీద ఇరుసుకు 2 మీటర్ల దూరంలో కూర్చున్న 30 కిలోల పిల్లవాడికి, అవతలి వైపు 1.5 మీటర్ల దూరంలో కూర్చున్న 40 కిలోల పిల్లవాడు సరితూగుతాడు. 30 × 2 = 60, 40 × 1.5 = 60.

3. భేదం మారదు

తండ్రి, కొడుకుల వయస్సుల నిష్పత్తి ఇప్పుడు 3 : 1. 12 సంవత్సరాల తరువాత అది 2 : 1 అవుతుంది. ఇప్పుడు వారి వయస్సులెంత?

సంవత్సరాలు గడిచేకొద్దీ ఇద్దరి వయస్సులూ మారతాయి, నిష్పత్తి కూడా మారుతుంది. కాని ఇద్దరి మధ్య తేడా జీవితాంతం మారదు. 3 : 1లో తేడా 2 భాగాలు. 2 : 1లో తేడా 1 భాగం. తేడా ఒకటే కావాలి కనుక రెండో నిష్పత్తిని 4 : 2 అని వ్రాద్దాం. ఇప్పుడు తండ్రి 3 భాగాల నుంచి 4 భాగాలకు వచ్చాడు. ఆ ఒక్క భాగమే 12 సంవత్సరాలు. కనుక తండ్రి వయస్సు 36, కొడుకు వయస్సు 12. సరిచూడండి: 12 సంవత్సరాల తరువాత 48, 24. నిష్పత్తి 2 : 1.

4. మొత్తం మారదు

రాము, రహీముల దగ్గర ఉన్న గోళీల నిష్పత్తి 5 : 3. రాము 10 గోళీలు రహీముకు ఇచ్చాక నిష్పత్తి 5 : 7 అయింది. మొదట ఎవరి దగ్గర ఎన్ని గోళీలు?

గోళీలు చేతులు మారాయే గాని మొత్తం మారలేదు. మొదటి నిష్పత్తిలో మొత్తం 8 భాగాలు, రెండో దానిలో 12. వీటి క.సా.గు. 24. అంటే 5 : 3ను 15 : 9 అనీ, 5 : 7ను 10 : 14 అనీ వ్రాయవచ్చు. రాము 15 నుంచి 10కి దిగాడు. ఆ 5 భాగాలే 10 గోళీలు. ఒక భాగానికి 2 గోళీలు. కనుక మొదట రాము దగ్గర 30, రహీము దగ్గర 18.

5. ఒక అంశం మారదు

గుంటూరు జిల్లా పిల్లలకు మిరపకాయలు కళ్ళంలో ఎండబోయడం తెలిసిందే. 90 కిలోల పండు మిరపకాయలలో నూటికి 80 వంతులు నీరు ఉందనుకుందాం. ఎండిన తరువాత నూటికి 10 వంతులే నీరు మిగిలింది. ఎండు మిరపకాయల బరువెంత?

"80లో నుంచి 10 తీసేస్తే 70. నూటికి 70 వంతుల బరువు పోయింది. మిగిలింది 27 కిలోలు" అని చాలామంది తొందరపడి చెబుతారు. అది తప్పు. మొదటి 80 వంతులు 90 కిలోలలోవి, తరువాతి 10 వంతులు ఎండిన కాయల బరువులోవి. వేరువేరు మొత్తాలలోని వంతులను ఒకదానిలో నుంచి మరొకటి తీసివేయకూడదు.

మారనిది ఏది? నీరు ఆవిరైపోయింది, గుజ్జు, గింజ, తోలు ఎక్కడికీ పోలేదు. అది 90 కిలోలలో నూటికి 20 వంతులు, అంటే 18 కిలోలు. ఎండిన కాయలలో ఆ 18 కిలోలే నూటికి 90 వంతులు. కనుక ఎండు కాయల బరువు 18 × 100 ÷ 90 = 20 కిలోలు. పాలలో నీళ్ళు కలిపే లెక్కలు, ఉప్పునీటి లెక్కలు అన్నీ దీనికి తోబుట్టువులే.

రెండూ కలిసి వస్తే?

12 మంది రోజుకు 8 గంటల చొప్పున 10 రోజులు పనిచేసి 240 మీటర్ల కాలువ తవ్వారు. 16 మంది రోజుకు 6 గంటల చొప్పున 15 రోజులలో ఎంత తవ్వుతారు?

ఇటువంటి అయిదు, ఏడు రాశుల లెక్కలకు 628లోనే బ్రహ్మగుప్తుడు సూత్రాలు చెప్పాడు. మనం మాత్రం మన ప్రశ్ననే వేసుకుందాం. ఒక మీటరు తవ్వడానికి పట్టే శ్రమ మారదు. మొదటివారి శ్రమ 12 × 8 × 10 = 960 గంటలు. మీటరుకు 960 ÷ 240 = 4 గంటలు. రెండోవారి శ్రమ 16 × 6 × 15 = 1440 గంటలు. తవ్విన కాలువ 1440 ÷ 4 = 360 మీటర్లు. ఏది పైన వ్రాయాలి, ఏది కింద వ్రాయాలి అనే తికమకే లేదు.

అనుపాతం కాని చోటు

పరీక్ష వ్రాసేవారు జాగ్రత్తపడవలసిన చోటు మరొకటి ఉంది. రెండు రాశులు కలిసి పెరిగినంత మాత్రాన అవి అనుపాతంలో ఉన్నట్లు కాదు. ఒక లడ్డూ కంటె రెండింతల అడ్డకొలత ఉన్న లడ్డూ చేస్తే దాని బరువు రెండింతలు కాదు, ఎనిమిదింతలు! ఎందుకంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలయ్యాయి: 2 × 2 × 2 = 8. మొదట చూసిన చొక్కాల లెక్కలో ఐతే అసలు సంబంధమే లేదు.

ఇంకొక మాట. నిష్పత్తి వ్రాసేముందు రెండు రాశులనూ ఒకే కొలమానంలోకి మార్చాలి. 750 గ్రాములకు, 2 కిలోలకు గల నిష్పత్తి 750 : 2 కాదు. 750 : 2000, అంటే 3 : 8.

పరీక్ష గదిలో

ప్రశ్న చదవగానే కలం కదపవద్దు. మొదట, జవాబు ఇచ్చిన సంఖ్య కంటె పెద్దదా, చిన్నదా అని అంచనా వేయండి. నాలుగు జవాబులలో ఒకటి రెండు అక్కడే ఎగిరిపోతాయి. తరువాత మారనిది ఏదో పట్టుకోండి. ఆ తరువాతే లెక్క చేయండి. చివరకు వచ్చిన జవాబును ప్రశ్నలో పెట్టి సరిచూడండి. మొదట్లో దీనికి నిమిషం కంటె ఎక్కువే పడుతుంది. రోజుకు అయిదు లెక్కల చొప్పున చేస్తూపోతే మీ కన్ను దానంతట అదే మారని రాశి మీదికి పోతుంది.

మీరు చేయండి

(1) 40 లీటర్ల మిశ్రమంలో పాలు, నీళ్ళ నిష్పత్తి 3 : 1. ఇంకా ఎన్ని లీటర్ల నీళ్ళు కలిస్తే నిష్పత్తి 3 : 2 అవుతుంది?

(2) ఒక వసతిగృహంలో 60 మందికి 20 రోజులకు సరిపోయే బియ్యం ఉన్నాయి. 5 రోజులు గడిచాక మరో 15 మంది చేరారు. మిగిలిన బియ్యం ఎన్ని రోజులు వస్తాయి?

(3) 2 మీటర్ల కర్ర నీడ 3 మీటర్లు ఉన్నప్పుడు పక్కనున్న కొబ్బరి చెట్టు నీడ 18 మీటర్లు ఉంది. చెట్టు ఎత్తెంత?

(4) గోడ గడియారం నాలుగు గంటలు కొట్టడానికి 6 సెకండ్లు పట్టింది. ఎనిమిది గంటలు కొట్టడానికి ఎన్ని సెకండ్లు పడుతుంది? (ఇందులో 12 అనే జవాబుకు మోసపోకండి!)

జవాబులు: (1) 10 లీటర్లు, పాలు మారలేదు. (2) 12 రోజులు. మిగిలినది 60 మందికి 15 రోజుల బియ్యం. (3) 12 మీటర్లు. (4) 14 సెకండ్లు. లెక్కించవలసినవి గంటలు కాదు, గంటకూ గంటకూ మధ్య విరామాలు. నాలుగు గంటల మధ్య విరామాలు 3, ఎనిమిదింటి మధ్య 7.