చేను తెలిసినవారు వంటిల్లు నెరుగవలదా?

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకము ఆరంభమైన నాటి గ్రామసేవకులు మొదలు నేటి వ్యవసాయ విస్తరణాధికారుల వరకు, విత్తనము, ఎరువు, తెగులుమందు వారికి కరతలామలకములు. పండినది ఇంటిల్లిపాదికి బలము నిచ్చుచున్నదా యని విచారించుట మాత్రము వారి శిక్షణలో వెనుకబడినది. మెట్టరైతు రాగులమ్మి బియ్యము కొనును. వచ్చిన లాభము లెక్కకెక్కును, బిడ్డకు కలిగిన నష్టము ఎక్కదు.

100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. మరపట్టిన తెల్లబియ్యములో 10 మిల్లీగ్రాములకు అటునిటుగా నుండును. ఈ లెక్క అధికారికి తెలియవలెను. తల్లికి రాగిజావ కాచు విధము చూపిన చాలును.

కావున శిక్షణ మూడు నేర్పులను అలవరుపవలెనని మేము తలంచుచున్నాము. మొదటిది అడుగుట: నిన్న ఇంట ఏమి వండిరి? కడపట తినినది ఎవరు? రెండవది చేసి చూపుట: ఆకుకూరను తరుగక మునుపే కడుగుట, గంజి వార్చక అత్తెసరు పెట్టుట, తోటకూర పప్పుపై నిమ్మరసము పిండుట. మూడవది స్త్రీలతో మాటాడుట. గట్టుమీద మగవారితో ముగించిన సలహా పొయ్యివరకు పోదు.

శాస్త్రము మనకు దూరమున లేదు. 1918లో కూనూరున చిన్న పరిశోధనా విభాగముగా ఆరంభమైనది 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలయుచున్నది. అచ్చట తేలిన విషయమును పల్లెపొయ్యి కడకు చేర్పవలసినవారు ఈ అధికారులే. ఈసారి వారు మీ చేనికి వచ్చినపుడు, పంటతోపాటు పిల్లల తిండిని గూర్చియు అడుగుడు. నేర్చుకొనవలెనన్న కోరిక వారికి మీ ప్రశ్నవలననే కలుగును.