సౌండ్ రాలేదా? మళ్లీ ఫార్మాట్ కొట్టకండి!

పాత కంప్యూటర్‌లో లినక్స్ వేశారు. స్క్రీన్ వచ్చింది, వైఫై కలిసింది, బ్రౌజర్ తెరుచుకుంది. తీరా ఆన్‌లైన్ క్లాసు పెడితే సారు నోరు కదులుతోంది గానీ మాట వినపడదు! మర్నాడే వీడియో ఇంటర్వ్యూ ఉంటే ఇక చూడాలి కంగారు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 చిప్ కావాలంటుంది. పాత డెస్క్‌టాప్‌లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. కొత్తది కొనే స్తోమత లేనివాళ్లకు ఉచితంగా దొరికే ఉబుంటు, లినక్స్ మింట్ లాంటివి అక్కరకొస్తాయి. కాకపోతే, మొదటిరోజు సౌండ్ దగ్గర చిక్కు రావచ్చు.

అప్పుడు వెంటనే గుర్తొచ్చేది మళ్లీ ఫార్మాట్ కొట్టడం. లేదంటే మార్కాపురం నుంచో గిద్దలూరు నుంచో సీపీయూ మోసుకుని ఒంగోలు బస్సెక్కడం. చాలాసార్లు ఆ రెండూ అక్కర్లేదు. కంభం చెరువు కింద మడికి నీళ్లు అందకపోతే రైతు చెరువును మళ్లీ తవ్వడు కదా! కాలువ గట్టెంట నడిచి నీళ్లు ఎక్కడ ఆగాయో చూస్తాడు. ఇక్కడా అంతే. సౌండ్ మీ బ్రౌజర్‌లో బయల్దేరి పైప్‌వైర్ అనే ప్రోగ్రామ్‌కు, అక్కడి నుంచి కెర్నెల్‌లోని ఆల్సా డ్రైవర్‌కు, ఆపై సౌండ్ కార్డుకు, చివరికి స్పీకర్‌కు చేరుతుంది. పాత వెర్షన్లలో పైప్‌వైర్ బదులు పల్స్ ఆడియో ఉంటుంది. స్పీకర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి చూసుకుంటూ రండి.

ఎక్కడెక్కడ చూడాలి?

- వైరు: డెస్క్‌టాప్ వెనక స్పీకర్ పిన్ను మామూలుగా లేత ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. గులాబీ రంగుది మైక్‌కు.

- అవుట్‌పుట్: సెట్టింగ్స్‌లో సౌండ్ తెరవండి. మానిటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే సౌండ్ కూడా అటే పోతుండొచ్చు. మానిటర్‌కు స్పీకర్లు లేకపోతే ఇంకేం వినపడుతుంది? అవుట్‌పుట్‌లో స్పీకర్ లేదా హెడ్‌ఫోన్ ఎంచుకుని టెస్ట్ నొక్కండి. ఇంటర్వ్యూ ఉంటే ఇన్‌పుట్‌లో మైక్ కూడా చూసుకోండి.

- మ్యూట్: టెర్మినల్ తెరిచి 'ఆల్సామిక్సర్' అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఎఫ్6 నొక్కి మీ సౌండ్ కార్డు ఎంచుకోండి. మాస్టర్, స్పీకర్, హెడ్‌ఫోన్ గీతల కింద 'ఎంఎం' అని ఉంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు. 'ఎం' నొక్కితే తెరుచుకుంటుంది. పైబాణం మీటతో వాల్యూమ్ పెంచండి.

- కార్డు: టెర్మినల్‌లో 'ఏప్లే' అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, హైఫన్, దాని పక్కనే చిన్న 'ఎల్' కొట్టండి. జాబితాలో మీ కార్డు కనిపిస్తే లోపం పై మూడింట్లోనే ఉండే అవకాశం ఎక్కువ. కనిపించకపోతే, లేదా సెట్టింగ్స్‌లో 'డమ్మీ అవుట్‌పుట్' అని మాత్రమే ఉంటే, సిస్టమ్ కార్డును గుర్తించలేదన్నమాట. అప్‌డేట్లన్నీ వేసి రీస్టార్ట్ చేయండి. బయోస్‌లో ఆన్‌బోర్డ్ ఆడియో ఆపేసి ఉందేమో చూడండి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లకు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ విడిగా వేయాల్సి రావచ్చు.

ఒకసారి ఒక్క మార్పే చేయండి. చేసింది కాగితం మీద రాసుకోండి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగైందో తెలీదు. ఇంకా లినక్స్ వేయనివాళ్లు పెన్‌డ్రైవ్ నుంచి 'ట్రై' పద్ధతిలో నడిపి, సౌండ్, వైఫై, మైక్ పనిచేస్తున్నాయో లేదో ముందే చూసుకోవచ్చు. పాత ఫైళ్లకు ఏమీ కాదు.

ఇది కొలువుకూ పనికొస్తుంది

సమస్యను ముక్కలుగా విడదీసి, ఎక్కడ ఆగిందో కనిపెట్టడాన్నే కంపెనీలు ట్రబుల్‌షూటింగ్ అంటాయి. సిస్టమ్ అడ్మిన్, క్లౌడ్ సపోర్ట్ కొలువుల్లో రోజూ చేసే పనే అది. రెడ్‌హ్యాట్ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షలోనూ నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టడం ఉండదు. నడుస్తున్న సిస్టమ్ మీద పని చేసి చూపించాల్సిందే.

'మీరు సొంతంగా పరిష్కరించిన సమస్య చెప్పండి' అని ఇంటర్వ్యూలో అడిగితే తడుముకోకండి. సౌండ్ ఎక్కడ ఆగిందో ఎలా పట్టుకున్నారో వరసగా చెప్పండి. పెద్ద ప్రాజెక్టు లేదని చిన్నబోనక్కర్లేదు. మీరు రాసుకున్న ఆ కాగితమే మీ మొదటి ప్రాజెక్టు రిపోర్టు.