చెవి మిషన్ బీరువాలోకి ఎందుకు చేరుతుంది?

కళ్లజోడు పెట్టుకున్న రోజే అక్షరాలు తేటగా కనిపిస్తాయి. చెవి మిషన్ సంగతి అలా ఉండదు. వేలకు వేలు పోసి కొన్నది నెల తిరిగేసరికి బీరువాలో చేరిన ఇళ్లు మనకి తెలిసినవే. "గోల తప్ప మాట వినపడట్లేదురా" అని తాతయ్య అంటే, అలవాటు చేసుకోమని ఇంట్లో అందరూ సలహా ఇస్తారు. కానీ చాలాసార్లు ఆయన చెప్పేదే కరెక్టు. ఎందుకో తెలియాలంటే పరీక్ష దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

బయటి చప్పుడు రాని గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్స్ పెట్టి, ఆడియాలజిస్ట్ ఒక్కో చెవికి విడిగా బీప్ శబ్దాలు వినిపిస్తారు. వినపడితే బటన్ నొక్కాలి. నొక్కితే 10 డెసిబెల్స్ తగ్గిస్తారు, నొక్కకపోతే 5 పెంచుతారు. ఇలా దిగుతూ ఎక్కుతూ, కనీసం సగం సార్లు వినపడే అతి తక్కువ స్థాయిని పట్టుకుంటారు. 250 నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఇదే పని. వచ్చిన గ్రాఫే ఆడియోగ్రామ్: కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తు. గీత కిందికి దిగేకొద్దీ లోపం ఎక్కువ. డెసిబెల్ లాగరిథమిక్ అని మనకి తెలుసు కదా, 60 డెసిబెల్స్ లోపమంటే శబ్ద పీడనం వెయ్యి రెట్లు ఉంటే గానీ వినపడదు.

తర్వాత చెవి వెనక ఎముక మీద చిన్న వైబ్రేటర్ పెట్టి మళ్లీ కొలుస్తారు. ఎముక ద్వారా బాగా వినపడి, హెడ్‌ఫోన్స్‌లో వినపడకపోతే, అడ్డు బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. గులిమి, చీము, కర్ణభేరికి చిల్లు లాంటివన్నమాట. వీటిలో చాలావాటికి ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర వైద్యం ఉంది. రెండు దారుల్లోనూ ఒకేలా తగ్గితే లోపం లోపలి చెవిలోనో నరంలోనో ఉన్నట్టు. వయసుతో వచ్చే చెవుడు ఎక్కువగా ఈ రకమే. పరీక్ష లేకుండా మిషన్ కొంటే, గులిమి తీస్తే పోయేదానికి డబ్బులు పోసినట్టు కావచ్చు.

వయసుతో ముందు పోయేది ఎక్కువ ఫ్రీక్వెన్సీలు. అచ్చులు తక్కువ ఫ్రీక్వెన్సీల్లో బలంగా ఉంటాయి. చాలా హల్లుల ఆనవాళ్లు పైన, బలహీనంగా ఉంటాయి. పాలు, కాలు, చాలు - మూడింటిలోనూ "ఆలు" వినపడుతుంది, మొదటి హల్లు జారిపోతుంది. పాలు కావాలా అంటే కాలు నొప్పి తగ్గిందంటారు. అందుకే బీప్‌లతో పాటు మాటలు వినిపించి, తిరిగి చెప్పించే పరీక్ష కూడా చేస్తారు.

ఇంకో చిక్కుంది. వినపడే హద్దు 60కి జరిగినా, భరించలేని హద్దు మాత్రం దాదాపు అందరిలాగే 100 దగ్గరే ఉంటుంది. మెల్లగా చెబితే వినపడదు, గట్టిగా చెబితే "ఎందుకురా అరుస్తావ్!" ఇది చాదస్తం కాదు, లోపలి చెవి తీరే అంత. 100 డెసిబెల్స్ ప్రపంచాన్ని మిగిలిన 40లో సర్దాలి. అన్నిటినీ ఒకే రెట్టు పెంచే యాంప్లిఫయర్ ఆ పని చేయలేదు.

ఫిట్టింగ్ అంటే ఈ సర్దుడే. మంచి మిషన్ మెల్లని శబ్దాన్ని ఎక్కువ, పెద్ద శబ్దాన్ని తక్కువ పెంచుతుంది, అదీ ఒక్కో ఫ్రీక్వెన్సీ బ్యాండ్‌కి ఒక్కోలా. ఎంత పెంచాలో ఆడియోగ్రామ్ నుంచి లెక్కగట్టే సూత్రాలున్నాయి. ఆస్ట్రేలియాలోని నేషనల్ అకూస్టిక్ లేబొరేటరీస్ రూపొందించిన నాల్-ఎన్‌ఎల్2 వాటిలో ఒకటి. కానీ చెవి రంధ్రం సైజు, ఆకారం మనిషికొక తీరు. సాఫ్ట్‌వేర్ వేసిన లెక్క, చెవిలో నిజంగా పడే శబ్దం ఒకటి కాకపోవచ్చు. అందుకే సన్నని గొట్టాన్ని కర్ణభేరి దగ్గరదాకా పంపి, మిషన్ పెట్టి ఉండగానే కొలిచి సరిచేస్తారు. దీన్నే రియల్ ఇయర్ మెజర్‌మెంట్ అంటారు. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే ఖరీదైన మిషన్ కూడా గోలగానే ఉండొచ్చు.

ఆ పైన మెదడు వంతు. ఏళ్ల తరబడి వినని ఫ్యాన్ శబ్దం, గిన్నెల చప్పుడు ఒక్కసారిగా మీద పడతాయి. మొదట నిశ్శబ్దమైన గదిలో రోజుకి కొన్ని గంటలు, తర్వాత క్రమంగా ఎక్కువసేపు వాడాలి. ఇబ్బందులు రాసుకుని వెళ్తే ఆడియాలజిస్ట్ సెట్టింగ్స్ మారుస్తారు. రెండు మూడుసార్లు తిరగాల్సి రావడం మామూలే.

మీ ఇంట్లో బీరువా మిషన్ ఉంటే, కొత్తది కొనేముందు పాతదాన్నీ పెద్దాయన్నీ కలిపి ఆడియాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆడియోగ్రామ్ కాపీ అడగండి. చెవిలో కొలిచి సెట్ చేస్తారా అని అడగండి. సికింద్రాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ రంగానిదే. ఈలోగా ఎదురుగా కూర్చుని, మొహం కనపడేలా నిదానంగా మాట్లాడండి. అరవక్కర్లేదు.