కిలిమంజారోపై నిదానమే ప్రధానం

తాళ్లు అక్కర్లేదు, మంచుగొడ్డలి అక్కర్లేదు. బాగా నడవగలిగితే చాలు, 5,895 మీటర్ల శిఖరానికి చేరుకోవచ్చు. ఈ సులువే కిలిమంజారోతో వచ్చే చిక్కు!

పదమూడేళ్ల వయసులో, 2014లో ఎవరెస్టు ఎక్కిన నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ ఆ తర్వాత ఎక్కిన శిఖరాల్లో టాంజానియాలోని కిలిమంజారో ఒకటి. పర్వతారోహణ నేర్చుకోనివాళ్లు కూడా వారం సెలవు పెట్టి ‘వెళ్లొద్దాం’ అనుకునే కొండ ఇది. గైడ్ తప్పనిసరి. సామాను మోయడానికి పోర్టర్లుంటారు, వండి పెట్టడానికి వంటవాళ్లుంటారు. ఎత్తుకు అలవాటు పడే పని మాత్రం ఎవరి ఒళ్లు అదే చేసుకోవాల్సిందే.

తగ్గించిన రోజే దెబ్బతీస్తుంది

శిఖరానికి వెళ్లే దారుల్లో ఒకటైన మరంగునే చూడండి. మొదటి రాత్రి మండారా గుడిసెల్లో, సుమారు 2,700 మీటర్ల దగ్గర. రెండోది హొరొంబోలో, 3,700. మూడో రోజుకే కిబో, 4,700. ఆ అర్ధరాత్రే లేచి శిఖరానికి బయల్దేరాలి. అంటే పడుకునే చోటు రోజుకు వెయ్యి మీటర్లు పైకి జరుగుతోంది. మూడువేల మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలనీ వైద్యుల మాట.

పార్కు రుసుములు రోజు లెక్కన ఉంటాయి కాబట్టి రోజు తగ్గిస్తే ప్యాకేజీ చవకవుతుంది. ఖరీదైన బూట్లకు వెనకాడనివాళ్లు కూడా ఇక్కడే పొదుపు చేస్తారు. హొరొంబోలో ఇంకో రాత్రి ఆగి, పగలు కాస్త పైకి నడిచి దిగి వస్తే ఒంటికి ఎంతో మేలు. మచామే దారిలో ఈ ఏర్పాటు సహజంగానే ఉంది: 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రికి 3,900 దగ్గరున్న బరాంకో క్యాంపుకు దించుతారు.

కండబలం కాపాడదు

సముద్రతీరంలోనైనా శిఖరం మీదైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 5,500 మీటర్ల దగ్గర అది సగానికి పడిపోతుంది. అందుకని ఊపిరి వేగం పెరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. దాన్ని మూత్రపిండాలు మెల్లగా సరిచేస్తాయి. ఆ పనికి కొన్ని రోజులు పడుతుంది, జిమ్‌లో పెంచిన కండలు దాన్ని తొందరపెట్టలేవు. 1962 చైనా యుద్ధకాలంలో హిమాలయాలకు హుటాహుటిన తరలించిన మన జవాన్లు ఆరోగ్యవంతులైన కుర్రాళ్లే. అయినా ఎందరో జబ్బుపడ్డారు. అలాంటి 1,925 మంది సైనికులను గమనించి ఇందర్ సింగ్ బృందం 1969లో ప్రచురించిన పత్రం ఎత్తు జబ్బుల వైద్యంలో ఒక మైలురాయి.

తలనొప్పిని దాచొద్దు

తలనొప్పి, వికారం, తల తిరగడం, నీరసం... ఇవి ఎత్తు జబ్బు తొలి గుర్తులు. అవి తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకుండా ముదిరితే దిగాలి. నేల మీద గీత గీసి, మడమకు బొటనవేలు ఆనిస్తూ నడవమంటే తూలిపోతున్నా, మాట తడబడుతున్నా మెదడు వాచిందని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో! ఈ రెండింట్లో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే కిందికి దించాలి. ఆక్సిజన్, మందులు దిగడానికి సాయమే తప్ప దానికి బదులు కావు.

అసిటజోలమైడ్ మాత్ర అలవాటుపడటాన్ని కొంత వేగవంతం చేస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. మద్యం, నిద్రమాత్రల జోలికి పోవద్దు.

ఇంటి దగ్గర ఎంతవరకు?

వీపున బరువుతో అలిపిరి మెట్లు ఎక్కిదిగితే కాళ్లు గట్టిపడతాయి. దిగడం కూడా సాధన చేయాలి, మోకాళ్లకు అసలు పరీక్ష అక్కడే. ఎత్తుకు అలవాటుపడటం మాత్రం మన దగ్గర కుదరదు: ఆంధ్రప్రదేశ్‌లో అతి ఎత్తైన కొండల్లో ఒకటైన అర్మకొండ కూడా 1,680 మీటర్లే. గుండె జబ్బు, ఆస్తమా, బీపీ ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే పరీక్షలు చేయించుకోవాలి. కింది ఊళ్లలో మలేరియా ఉంది, దాని గురించీ అడగాలి. బీమా 6,000 మీటర్ల దాకా వర్తిస్తుందో లేదో చూసుకోవాలి.

శిఖరం రాత్రి చలి సున్నాకు బాగా దిగువన ఉంటుంది. నీళ్ల గొట్టం గడ్డకడుతుంది, సీసా కోటు లోపల పెట్టుకోవాలి. హెడ్‌ల్యాంప్‌కు అదనపు బ్యాటరీలు ఉండాలి. పైన ఆకలి చచ్చిపోతుంది, అందుకే గొంతు దిగే తిండి ఏదో ముందే తెలుసుకుని వెంట తీసుకెళ్లండి.

బయల్దేరేముందు జట్టంతా ఒక ఒప్పందానికి రావాలి: గైడ్ దిగమంటే వాదించకూడదు. మెదడుకు ఆక్సిజన్ చాలనప్పుడు బాగా దెబ్బతినేది వివేకమే. ‘నాకేం కాలేదు, పదండి’ అని పట్టుబట్టే మనిషి మాటను అక్కడ సాక్ష్యంగా తీసుకోలేం. అందుకే ఆ నిర్ణయం ఎవరిదో తల తేటగా ఉన్నప్పుడు, కిందనే తేల్చుకోవాలి.