పండకముందే వండవలె

వసంతమనగానే పండ్లను తలచుట పట్టణవాసుల కలవాటు. ఉప్పలగుప్తపు పెరళ్లలో మాత్రము అది పండనివాని కాలము. ఫాల్గుణము వెడలి చైత్రము చొచ్చువేళకు పనసమొదట గింజ కట్టని కాయలును, మామిడికొమ్మను టెంక ముదరని పిందెలును వ్రేలాడుచుండ, చింత చిగురించును, వేప పూచును. నాలుగు నాళ్లు అశ్రద్ధ చేసినచో చిగురు ఆకగును, పువ్వు నేల రాలును. కావున రాత్రికేమి వండవలెనో చెట్టు నడిగి తెలిసికొనవలసినదే.

ఆ రాత్రి విస్తరిలో అగ్రతాంబూలము పనసపొట్టుకూరది. ముండ్లతోలు చెక్కి, జిగురంటకుండ చేతులకును కత్తికిని నూనె రాచుకొని, కాయను నిలిపి గాట్లు పెట్టుచు చెక్కుచు పోగా సన్నగా రాలునదే పొట్టు. ఓపిక లేనివారు కొట్టిన పొట్టునే కొని తెత్తురు. తప్పులేదు, కాని వ్రేళ్ల నడుమ నలిపి చూడక కొనరాదు. ఉప్పు, పసుపు వేసి యుడికించి, నీరు పిండి, ఎండుమిరపకాయలు, పప్పులు, ఇంగువ, కరివేపాకులతో పోపు పెట్టి, చింతపండు గుజ్జు పోసి మగ్గనిత్తురు. ఆవముద్ద మాత్రము కూర దింపి, వేడి తగ్గిన పిమ్మటనే కలుపవలెను. ఆవగింజలోని ఘాటు నూరి తడిపినప్పుడే పుట్టును, సెగ తగిలిన నశించును. తొందరపడినవారికి చేదే మిగులును.

ఉప్పలగుప్తము మండలములోని ఎస్. యానాం తీరము చేరువగుటచే మత్స్యభుక్కుల యిండ్లలో చింతచిగురు రొయ్యలతో చేరును. శాకాహారుల యింట కందిపప్పులో పడును. అరచేతుల నడుమ నలిపి పుల్లలు చెరిగివేసిన చిగురునకు తన పులుపే చాలును. రొయ్యలను మిక్కిలి సేపు ఉడికించిన బిరుసెక్కును గనుక చిగురు మగ్గగానే దింపుట మేలు.

వసంతమున కఫము ప్రకోపించును గావున గురుస్నిగ్ధములను, ఆమ్లమధురములను విడువుమని వాగ్భటుడు అష్టాంగహృదయమున విధించినాడు. మన గృహిణి నేతిలో వేచిన వేపపువ్వును చారులో వేసి ఆయనకు సగము విధేయురాలగును. పక్కనే మామిడికాయపప్పు వడ్డించి తక్కిన సగము ధిక్కరించును. చింతచిగురు ఎదుట నుండగా ఆ వైద్యుడును విస్తరి వదలి లేచియుండునని నేను నమ్మను.

కొబ్బరిచెట్ల మీదుగా గాలి తిరిగిన తరువాత అరుగుమీద సాగు ఈ భోజనమున పనసపొట్టు ఎప్పుడును కొంత మిగులును. రాత్రియంతయు ఆవ ఊరి, మరునాటి చద్దన్నములోనికి అది మరింత రుచించును. అందుకే కాబోలు పెద్దవారు రెండు గుప్పెళ్లు ఎక్కువే వండుదురు.